నీలం గేటు ఇంట్లోని కారు

మా వైపు ఇనుము ఎక్కువ కాలం బతకదు. చిట్కుల్‌లో ఇల్లు కట్టుకున్న ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. గేటుకు కొత్త రంగు వేసిన ఏడాదికే అతుకుల దగ్గర బుడగలు లేస్తాయి. సైకిలు చైను, కిటికీ గొళ్ళెం, మా ప్రార్థన మందిరం ముందు వేలాడే గంట, అన్నింటి మీదా అదే ఎర్రటి పొడి. గాలి కంపెనీల వైపు నుంచి వీచిన రోజు ఆరేసిన బట్టలకు కూడా ఘాటు వాసన పడుతుంది. తుప్పు తినే చోట సొమ్ము దాచుకోవద్దని చిన్నప్పుడు ఆదివారం బడిలో నాకు నేర్పారు. ఇప్పుడు ఆ బడిలో అదే పాఠం నేను చెబుతున్నాను. వేరే ఊళ్ళ పిల్లలకు అది ఉపమానంలా వినిపిస్తుందేమో. మా పిల్లలు మాత్రం వెంటనే తలెత్తి రేకుల వైపు చూస్తారు.

మా ఇంటి కప్పు కూడా ఇనుప రేకులదే. గోడలు లేపినప్పుడే స్లాబు వేయాలనుకున్నాం, కుదరలేదు. పిల్లర్ల మీద చువ్వలు పైకి నిలబడి అలాగే ఉండిపోయాయి. నా భార్య ప్రతి ఏడూ వానలకు ముందు నిచ్చెన వేయించి, చిల్లులున్న చోటల్లా తారు పూసిన గుడ్డలు అంటింపజేస్తుంది. వాన పడిందంటే లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆమె కుట్టుమిషను మీద సంపాదించింది, నా జీతంలో మిగిలింది కలిపి బ్యాంకులో వేస్తూ వచ్చాం. చివరికి స్లాబుకు సరిపడా జమ అయింది. మేస్త్రిని పిలవడమే తరువాయి. సరిగ్గా అప్పుడే నా బావమరిది ఫోను పట్టుకుని ఇంటికి వచ్చాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. పటాన్‌చెరులో రసాయన కంపెనీలకు పెద్ద ట్యాంకులు చేసిచ్చే వర్క్‌షాపులో నేను ఇన్‌స్పెక్టర్ని. "అతుకు మంచిగుంది సార్" అని వెల్డర్ చెబితే నమ్మకుండా ఉండడమే నా ఉద్యోగం. అతుకు మీద ఎర్ర మందు పూసి, తుడిచి, తెల్ల మందు కొడితే కంటికి కనపడని పగులు ఎర్ర గీతగా పైకి తేలుతుంది. ఏళ్ళ తరబడి ఆ గీత కోసమే చూశాను. మనుషుల్లోనూ దాన్నే వెతుకుతానని మా సంఘంలో అంటారు. ప్రభువు గాయాల్లో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్న శిష్యుడి మీద ప్రసంగం చేసిన ప్రతిసారీ మా పాస్టరయ్య ఒకసారి నా వైపు చూసి నవ్వుతారు. నాకేమీ కోపం రాదు. ఆ శిష్యుడు కూడా చివరకు మోకరించాడు కదా.

బావమరిది సంగారెడ్డిలో సెకండ్ హ్యాండ్ కార్లు కమీషన్ మీద అమ్మిస్తుంటాడు. వచ్చీ రాగానే ఫోనులో ఏదో వీడియో తెరిచి నా ముందు పెట్టాడు.

"బావా, బంగారం అందరు కొంటరు. ప్లాట్లు అందరు కొంటరు. గిది ఎవ్వరు చూస్తలేరు."

"ఏంది గది?"

"పాత కార్లు."

"పాత కార్లు నువ్వు రోజూ అమ్ముతనే ఉన్నవ్ గదా. కొన్నోడు ఎవ్వడన్న బాగుపడ్డడా?"

"గవి సెకండ్ హ్యాండ్ బావా. ఇవి వేరే. తాతల కాలంవి కావు, కొత్తవి కావు. మన పెండ్లిళ్ళప్పుడు రోడ్డు మీద తిరిగినయి. అప్పుడు కొనలేక సూసుకుంట నిలబడ్డోళ్ళు ఇప్పుడు పైసలున్నోళ్ళయిన్రు. ఎంతకైనా కొంటరు. కార్లేమో తుక్కుకు పోతున్నయి. మిగిలిన నాలుగింటికి రేటు పెరగక ఏమైతది?"

అతడు చెప్పిన దాంట్లో తర్కం ఉంది. అదే నాకు నచ్చలేదు. రంగు కంపెనీలో వేసిందే ఉండాలట. సీట్లు, రేడియో, స్టెపినీ, జాకీ, పాత ఉమ్మడి రాష్ట్రం నంబరు ప్లేటు, అన్నీ మొదట వచ్చినవే ఉండాలట. ఒక్కటి మార్చినా విలువ పడిపోతుందట. కొని, కప్పి, కొన్నేళ్ళు ముట్టుకోకుండా ఉంచితే చాలట. సంగారెడ్డి పాత బస్తీలో ఒక పెద్దాయన దగ్గర అలాంటి కారు ఉందని, ఇంకా ఎవరి చెవినా పడలేదని, సగం తాను పెడతానని, సగం నన్ను పెట్టమని అడిగాడు.

"దేవుడే నడిపిస్తున్నడు బావా. పొద్దున లేవంగనే ఫోన్ల గిదే వచ్చింది."

వస్తువు గురించి చెప్పక ముందే దేవుని పేరెత్తే అమ్మకందారును చూస్తే నాకు జేబు తడుముకోవాలనిపిస్తుంది. నా భార్య వంటింట్లోంచి చాయ్ తెచ్చి అతని ముందు పెట్టింది. అతడు ఆమె సొంత తమ్ముడు. పెంచింది కూడా ఆమే.

"దేవుడు నీకు కారు చూపెట్టిండా తమ్మీ?"

"అవునక్కా, ఒట్టు."

"నాక్కూడ పొద్దున లేవంగనే చూపెట్టిండు. రేకు మీద బొక్క. సరిగ్గ నా మంచం మీదికే ఉన్నది."

ముగ్గురం నవ్వాం. ఆమె నవ్వుతూనే లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ కారు గురించి వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం సంగారెడ్డి వెళ్ళాం. సందు చివర నీలం గేటు ఇల్లు. పెద్దాయన గడ్డానికి గోరింట పెట్టుకుని, తెల్ల కుర్తాలో ఉన్నాడు. సందులో అందరూ ఆయన్ను చాచా అనే పిలుస్తారు. గేటు లోపల, ఇంటిని ఆనుకుని కిటికీ లేని గది. దాని తలుపులు తీసి గుడ్డ లాగితే కారు కనబడింది. పెట్టెలా చదరంగా ఉండే తెల్ల కారు. నా పెళ్ళప్పుడు మా మేనేజరుకు అలాంటిదే ఉండేది. దాన్ని చూసి నేను ఆనందపడలేదంటే అబద్ధం. ఆ ఆనందం చూసుకుని నాకు భయం వేసింది.

కారు మీద ఒక్క తుప్పు మచ్చ లేదు. అక్కడే నా అనుమానం మొదలైంది.

"చాచా, మీరు పటాన్‌చెరుల పనిచేసిన్రంట గదా?"

"పూరా నౌకరీ అక్కడనే చేసినా."

"పటాన్‌చెరు గాలికి తిరిగిన గాడీకి తుప్పు లేకుంట ఎట్ల ఉంటది?"

"కంపెనీ బస్సుల పోయేటోణ్ణి బాబూ. గాడీ జుమ్మా నమాజుకు, పెండ్లిళ్ళకు బయటికి తీసేది. మిగిలిన రోజులు ఇదే కమరాల పడుకుంటది, నా లెక్క."

నేను జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీశాను. తలుపుల కింద, చక్రాల పైన, డిక్కీ అంచున పెట్టి చూశాను. సొట్టను లప్పంతో నింపి రంగు వేసి ఉంటే అయస్కాంతం అక్కడ పట్టదు. అన్ని చోట్లా టక్కున పట్టింది. పెడళ్ళ రబ్బరు అరుగుదల చూసి, మీటరు చూశాను. తిరిగిన దూరానికి అరుగుదల సరిపోయింది. సీటు బెల్టుల అడుగున కుట్టిన గుడ్డ మీద ఏ సంవత్సరంలో తయారైందో ఉంటుంది, అదీ చూశాను. అద్దాల మూలల్లో చిన్న ముద్ర ఉంటుంది. అన్నింటి మీదా ఒకే ముద్ర ఉండాలి. ఎడమ వైపు ముందు అద్దం మీద మాత్రం వేరే ముద్ర ఉంది.

"ఈ అద్దం మార్చిన్రు."

"హా. సందుల పోరగాళ్ళు క్రికెట్ ఆడుతుంటే బాలు తగిలింది."

"యాక్సిడెంట్ కాదా?"

పెద్దాయన బావమరిది వైపు తిరిగాడు.

"మీ బావ పోలీసా?"

"కాదు చాచా. చర్చిల పెద్ద."

"అచ్ఛా. మరి నమ్మకం ఉండాలె గదా?"

బావమరిది పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. నమ్మకం ఎవరి మీద ఉంచాలో నాకు తెలుసు. అది గోరింట గడ్డాల మీద కాదు, పాత కార్ల మీద కాదు, నా బావమరిది మీద అంతకన్నా కాదు.

మోకాళ్ళ నొప్పితో క్లచ్చి తొక్కలేకపోతున్నానని, తన పిల్లలకు ఈ కారంటే సిగ్గని, అందుకే అమ్ముతున్నానని పెద్దాయన చెప్పాడు. అడిగిన ధర మరీ ఎక్కువ కాదు. ఎక్కువ అడిగితే ఎందుకంత అని అడిగేవాణ్ణి. తక్కువ అడిగాడు కాబట్టి ఎందుకింత తక్కువ అని ఆలోచిస్తూ ఇంటికి వచ్చాను. మర్నాడు డ్యూటీ అయ్యాక మళ్ళీ వెళ్ళాను. ఆ పై రోజు జాకీ తీసుకెళ్ళి కింద దూరి చూశాను. ప్రతి సాయంత్రం వచ్చి నా అనుమానాలన్నీ నా భార్యకే చెప్పేవాణ్ణి. ఆమె మిషను తొక్కుతూ వినేది. మధ్యమధ్య ఏదో ఒకటి అడిగేది.

"ఇల్లు ఏడనయ్యా?"

"పాత బస్తీల, పిండి గిర్ని పక్క సందు. ఆఖరిది."

"గేటు ఏ రంగు?"

"నీలం. ఎందుకు?"

"ఊకెనే. మనక్కూడ గేటుకు రంగెయ్యాలె గదా."

నాకు అందులో తప్పేమీ కనబడలేదు. అద్దం మూల ముద్ర కనబడింది గాని ఇది కనబడలేదు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఏదైనా పెద్ద పని తలపెడితే దాన్ని ప్రార్థనాంశంగా పెడతాం. పిల్ల చదువు, ఆపరేషను, ఇంటి స్థలం, ఏదైనా సరే కూడికలో లేచి చెబితే అందరూ దాని కోసం మొరపెడతారు. గురువారం గృహకూడికలో నేనూ లేచాను. అయితే ఇన్‌స్పెక్టర్ని కదా, జాగ్రత్తపడ్డాను. "ఒక వాహనం విషయంలో దేవుని చిత్తం తెలియాలని ప్రార్థించండి" అన్నాను, అంతే. ఏ వాహనమో, ఏ ఊరో చెప్పలేదు. అందరూ ఆమేన్ అన్నారు. మా సంఘంలోనే ఇంకో పెద్ద, కోస్తా నుంచి వచ్చి పటేల్‌గూడలో స్థిరపడిన లేబర్ కాంట్రాక్టర్, నా భుజం తట్టి, "మంచి వాహనమే దొరుకుతుందండీ బ్రదర్. దేవుడు ఆలస్యం చేస్తాడేమో గాని తక్కువ చెయ్యడు" అన్నాడు. నోరు జారనందుకు లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను.

నిజం చెప్పాలంటే అప్పటికే నా మనసు కారు వైపు వాలిపోయింది. ఎంత వెతికినా పగులు దొరకలేదు. ఏ పగులూ దొరకని అతుకును పాస్ చేయక తప్పదు, అది మా వృత్తి ధర్మం. స్లాబు ఇంకో రెండేళ్ళు ఆగితే ఆగుతుంది, కారు అమ్మితే మీద ఇంకో అంతస్తే వేయొచ్చు అని నాకు నేనే చెప్పుకున్నాను. బావమరిది చెప్పిన మాటలే నా నోట వస్తున్నాయని అప్పుడు గమనించలేదు.

శుక్రవారం బ్యాంకు నుంచి సొమ్ము తెచ్చాను. శనివారం పొద్దున నా భార్యే దాన్ని పాత చీర ముక్కలో చుట్టి, నా అన్నం సంచి అడుగున పెట్టి ఇచ్చింది. మొహంలో కోపం లేదు, కన్నీళ్ళు లేవు.

"కోపమొచ్చిందా?" అని అడిగాను.

"దేవుని చిత్తమని నువ్వే అడిగినవ్ గదా. ఆయన ఎట్ల చేస్తే గట్ల."

ఆ మాటకు నా గుండె నిండింది. ఇంత విధేయత గల భార్యనిచ్చినందుకు బస్సులో కళ్ళు మూసుకుని స్తుతించాను.

నీలం గేటు దగ్గర బావమరిది ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. మొహం వాడిపోయి ఉంది. లోపల కిటికీ లేని గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గది ఖాళీ. నేల మీద నాలుగు చక్రాల గుర్తులు, మూలకు గుడ్డ మడత.

"నిన్న మగ్రిబ్ నమాజు అయినంక తీస్కపోయిన్రు" అన్నాడు చాచా. "మీ చర్చి సాబే. కోస్తా మాట మాట్లాడుతడు, మెడల లావు గొలుసు. మీరే పంపిన్రనుకున్నా."

"చూసిండా, ఏమన్న తనిఖీ చేసిండా?"

"ఏం తనిఖీ! నువ్వు రోజొచ్చి అద్దాలు చదివినవ్. ఆయన లోపల కూసొని ఒక్కసారి హారన్ కొట్టిండు. బస్, పైసలు తీసి చేతుల పెట్టిండు."

సందు బయటికి వచ్చాక బావమరిది నా మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వే చెప్పినవ్ బావా."

"నేను చెప్పలే. ప్రార్థనాంశం పెట్టిన, అంతే. వాహనమన్న, ఇంకో మాట అనలే."

"మరి గా కాంట్రాక్టర్‌కు దేవదూతొచ్చి అడ్రస్ చెప్పిందా?"

జీవితమంతా ఇతరుల మీద నేను పెట్టిన అనుమానపు చూపును ఆ రోజు మొదటిసారి నా మీద చూశాను. ఎంత చెప్పినా అతడు నమ్మలేదు. కమీషన్ ఏమైనా ముట్టిందా అని కూడా అడిగాడు. సొమ్ము ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరిగి వచ్చాను. దారి పొడవునా గృహకూడికలో ఉన్న ఒక్కొక్క మొహాన్నీ గుర్తు చేసుకున్నాను. ఎవరు నా వెనక సంగారెడ్డి దాకా వచ్చి ఉంటారు? ఎవరు నన్ను సందు మొదట్లో చూసి ఉంటారు? ఇంటికి చేరితే నా భార్య సంచి అందుకుంది, చేత్తో బరువు చూసింది, లోపలికి తీసుకెళ్ళింది. సోమవారం పొద్దున మేస్త్రి వచ్చి పిల్లర్లు కొలుస్తున్నాడు.

సంగతి బయటపడింది ఆ పై ఆదివారం. మా సంఘంలో ఎవరు వాహనం కొన్నా మందిరం ముందు నిలబెట్టి, పాస్టరయ్య ప్రార్థించి బానెట్ మీద నూనె పోస్తారు. కొన్నవాళ్ళు సాక్ష్యం చెబుతారు. పెద్దనైన నేను నూనె సీసా పట్టుకోవాలి. పట్టుకున్నాను. కాంట్రాక్టర్ కారు తెచ్చి నిలబెట్టాడు. దాన్ని చూసి నా పక్కన నిలబడ్డ బావమరిది "అయ్యో" అని పైకే అన్నాడు. వెనక అద్దం నిండా 'దేవుని బహుమానం' అని ఎర్ర అక్షరాల స్టిక్కరు. సీట్లకు మెరిసే కొత్త తొడుగులు. డ్యాష్‌బోర్డు కోసి బిగించిన పెద్ద తెర. డిక్కీలో రెండు స్పీకర్లు. బావమరిది లెక్క ప్రకారం ఆ కారు విలువ నిలబడిన చోటే సగమైంది. కాంట్రాక్టర్ ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఈ కారును దేవుడు నాకు చాలా స్పష్టంగా చూపించాడండీ" అని సాక్ష్యం మొదలుపెట్టాడు. "నా పెళ్ళినాటి నుంచి ఇలాంటి కారు కావాలని నా ఆశ. శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనలో మన సిస్టరుగారు", అంటూ చెయ్యెత్తి స్త్రీల వైపు, నా భార్య వైపు చూపించాడు, "ఎంత భారంతో ప్రార్థించారంటే, మా ఆవిడ ఇంటికొచ్చి మాటకు మాట అప్పజెప్పిందండీ. ప్రభువా, సంగారెడ్డి పాత బస్తీలో, పిండి గిర్ని పక్క సందులో, ఆఖరి ఇంట్లో, నీలం గేటు వెనకాల ఉన్న తెల్ల కారు విషయంలో నీ చిత్తం జరిగించు తండ్రీ, దానికి ఏ తుప్పూ లేదు తండ్రీ, అయస్కాంతంతో చూసినా పట్టింది తండ్రీ అని! ఇంతకన్నా గురుతు ఏం కావాలండీ? బ్రదరుగారికి ఇష్టం లేక వదిలేశారనుకుని నేను లేచి వెళ్ళాను."

అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరయ్య నా చేతిలోని సీసా అందుకుని బానెట్ మీద నూనె పోశారు. నేను తలవంచి ఉన్నాను గాని కళ్ళు మూయలేదు. స్త్రీల వరుసలో నా భార్య కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని, అందరికన్నా భక్తిగా ప్రార్థిస్తోంది. పక్కన బావమరిది తన అక్కనే చూస్తున్నాడు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "మాఫ్ చెయ్యి బావా" అన్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాను.

"దేవునికి గేటు రంగు చెప్పవలసిన పనేంది?"

"ఆయనకు ఎందుకు చెప్తా? ఆయనకు తెలుసు."

"మరి?"

"ఇనేటోళ్ళకు తెల్వదు గదా."

"గది ప్రార్థన ఎట్లయితది?"

ఆమె బియ్యం చాట పక్కన పెట్టింది. "నా నెత్తి మీద కప్పు కావాలని పదేండ్ల సంది అడుగుతున్న. నీ లెక్కనే, ఎవ్వరికి తెల్వకుంట, గొంతు లేపకుంట అడిగిన. ఈసారి అందరు ఇనేటట్టు అడిగిన. ఆయన ఇన్నడు. నువ్వు ఆయన చిత్తమన్నవ్. నేను గూడ గదే అన్న. అబద్ధం ఏడ చెప్పినా?"

నేను చాలాసేపు వెతికాను. ఆమె మాటలో నాకు పగులు దొరకలేదు. అది ప్రార్థన కాదనడానికి నాకు వాక్యంలో ఆధారమూ దొరకలేదు. అది ప్రార్థనేనని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. అయితే అప్పటి నుంచి ఆమె ఏ విషయానికైనా "ప్రార్థన చేస్త" అంటే, ఎవరెవరు వస్తున్నారని ముందు అడుగుతాను.

ఆ కారును కాంట్రాక్టర్ పటేల్‌గూడలో ఇంటి ముందు ఎండకూ వానకూ వదిలేశాడు. ప్రతి ఆదివారం మందిరం ముందు ఆగుతుంది. ఇంజిను శబ్దంలో ఇప్పటికీ తేడా లేదు. చాచా ఒక్క అబద్ధం కూడా ఆడలేదని దాన్ని బట్టి నాకు రూఢి అయింది. వెనక చక్రం పైన మాత్రం వేలి గోరంత బుడగ లేచింది. నేను దాన్ని చూశాను. చెబుదామనుకున్నాను గాని, నా నోట ఆ మాట ఎలా వినిపిస్తుందో తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

స్లాబు పడింది. సెంట్రింగ్ విప్పిన రోజు నేను సుద్దముక్క పట్టుకుని కింద నుంచి మూలమూలా చూస్తుంటే, "దానికి గూడ అయస్కాంతం పెడ్తవా?" అని నా భార్య నవ్వింది. మొదటి వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. మేం అన్నం తింటున్నాం. బయట చీకటి కమ్మింది, మట్టి వాసన వచ్చింది, గాని నెత్తి మీద ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్ళు వానంటే చెవులు పగిలే మోత. ఇప్పుడేమో ఆమె మామూలు గొంతుతో పప్పు వేయనా అని అడుగుతోంది, నాకు వినబడుతోంది. నాకు ఆ నిశ్శబ్దం మీద నమ్మకం కుదరలేదు. ఎంగిలి చేత్తోనే లేచి, గడప దాటి, నిజంగా వాన పడుతోందా అని అరచెయ్యి బయటికి చాపి చూశాను.